నాలుగు గోలీలు

బండి కొన్నప్పుడు దానికి
ఇంజను ఉందో లేదో నేను చూడలేదు.
సీట్లు చూసినాను.
నా పని అదే కదా, ఆలూరు రోడ్డు మలుపులో
ఇరవై రెండేండ్లుగా లారీలకూ ఆటోలకూ రెక్సిన్ కుడతాండాను.
స్పంజు తిని, కాయరు కొరికి
స్ప్రింగుల నడుమ ఎలుకలు సంసారం పెట్టినాయి.

"ఇనుమే గదక్కా, తూకానికి తీసుకో"
అన్నాడు గుజిరీ గిడ్డయ్య.
మెటాడోరును కిలోల లెక్కన కొన్నది
ఆదోనిలో నేనొక్కదాన్నే అయ్యుంటాను.

పదకొండేండ్లు కంపచెట్టు నీడలో నిలబడిన బండి,
లాగితే రాలేదు.
వేరొకటి ముందు చక్రాన్ని
సంతలో బిడ్డ కొంగు పట్టుకున్నట్టు పట్టుకోనుంది.
గొడ్డలి నేనే వేసినాను.

మౌలాలి ఇంజను విప్పి గోనెసంచుల మీద పరిచినాడు.
పిస్టన్లు, వాల్వులు, పేరు తెలియని రింగులు
పంచాయితీకొచ్చిన అన్నదమ్ముల మాదిరి
ఎవరి మసి వాళ్లు పూసుకుని కూర్చున్నాయి.
"దీనికంటే కొత్తది సులువుమే" అన్నాడు.
"కొత్తదానికి నేనేం కుట్టాల?" అన్నాను.

శుక్రవారం అంగడి మూత. ఆ పూట దానిది.
ఉరుకుందు ఉప్పుకాగితం రుద్దుతాడు, నేను నీళ్లు పోస్తాను.
నీలం పోయి పచ్చ వచ్చింది. పచ్చ పోయి ఎరుపు.
ఎరుపు కింద తెల్లటి అక్షరాలు, సగం సగం:
"...జూ నాలుగు ఆటలు"

చేతిలో చెంబు అట్లనే ఉండిపోయింది.
పత్తి మార్కెట్టు ముందరా, జిన్నింగు మిల్లుల సందుల్లోనూ
సినిమా వచ్చిందని అరుచుకుంటా తిరిగిన బండి ఇది.
రంగు కాగితాలు గాల్లోకి విసిరితే
జారే లంగా ఒక చేత్తో పట్టుకుని ఉరికినదాన్ని.
బండి ఆగలేదు, నెమ్మదించనూ లేదు.
ఒక్క కాగితమూ దొరకలేదు నాకు,
దుమ్ము మాత్రం దండిగా తిన్నాను.

మార్చినాను కొంచెం, కనపడకుండా.
నా కాళ్లు పొట్టివి:
క్లచ్చి పెడలు రెండు వేళ్లు ఇవతలికి జరిగింది.
పాత కాయరు పారేయలేదు. ఎండబెట్టి, చీరి, మళ్లీ నింపినాను.
పైన నా కుట్టు, రెండు పేటల దారం.
నడుము దగ్గర చిన్న మెత్త,
అది నా నడుముకు తప్ప ఎవరికీ అర్థం కాదు.
తలుపు లోపలివైపు జేబు: కత్తెర, సుద్దముక్క, టేపు.
హారను ముట్టుకోలేదు, దాని గొంతు దానికుండనీ.
ఎడమ డొక్కలో సొట్ట కూడా.
ఎవరు గుద్దినారో తెలియకుండా
ఎట్ల తీయాల?

టాపు మీద నాలుగు బెజ్జాలు, మైకు బిగించిన చోట.
వానొస్తే కారుతాది, వెల్డింగు పెట్టించి మూసెయ్ అన్నారందరూ.
సోడా అంగడి ఎత్తేస్తూ కాశింసాబు
సీసాలు పగలేసి పారబోసిన దినం
నాలుగు గోలీలు ఏరుకొచ్చినాను.
ఎంసీల్ పిసికి
ఒక్కో బెజ్జంలో ఒక్కోటి.

ఫిట్‌నెస్‌కు పోతే ఇనస్పెక్టరు చుట్టూ రెండుసార్లు తిరిగినాడు.
"ఏమేం మార్పించినావమ్మా?"
"ఏం లేదు సార్, ఉన్నదే తుడిచినా."
ఆయన పైకి చూడలేదు.
బండెక్కినోళ్లు ఎవరూ పైకి చూడరు.

నిన్న మధ్యాహ్నం మొదటిసారి ఆస్పరి దాకా.
రెండు పక్కలా నల్లరేగడి, ఏరేసినాక మిగిలిన పత్తికట్టె.
మలుపు తిరిగినప్పుడల్లా
నాలుగు వెలుగు చుక్కలు, కొంచెం పచ్చగా,
నేల మీంచి ఉరుకుందు మోకాలి మీదికి
మోకాలి మీంచి తలుపు మీదికి
పాకుతాండాయంట. నాకు అద్దంలో కనపడలేదు.

"అక్కా, పట్టుకోబోతే దొరకడం లేదు"
అన్నాడు వెనకనుంచి.

నేను గేరు తగ్గించినాను.